బత్తాయి చెట్టుకు ఆర్‌టీ-పీసీఆర్: నాలుగు నెలల ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 11

అన్న ఫోన్ చేశాడు. దసరాకు రమ్మని పిలుస్తాడనుకున్నా. "చెల్లె, ముప్పై ఏండ్ల సంది వైరస్‌ల మీదనే పని చేస్తివి గదా. మన తోట ఒక్కసారి చూసిపో. చెట్లు ఎండుతున్నయి" అన్నాడు.

నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర మా ఊరు. నాలుగెకరాల ఎర్ర చెలకలో పదకొండేళ్ల కింద పెట్టిన బత్తాయి. పోయి చూస్తే 19 చెట్లు తేడాగా ఉన్నాయి. కొమ్మలు చివర్ల నుంచి కిందికి ఎండుతూ వస్తున్నాయి. ఆకు పండుబారి రాలుతోంది. కాయ మాత్రం గోళీలంత సైజులో గుత్తులు గుత్తులుగా ఉంది. పోయే ముందు చెట్టు ఇలా విరగకాస్తుందని మా బాపు అనేవాడు.

ఊళ్లో తీర్పు అప్పటికే అయిపోయింది: వైరస్. మందుల దుకాణంలో ఒకాయన ఆకు చూసీ చూడగానే "వైరసే" అని 1,850 రూపాయల సీసా చేతిలో పెట్టాడట. సీసా వెనక చదివితే సముద్రపు నాచు సారం అని ఉంది. చెట్టు లోపలికి పోయిన వైరస్‌ను చంపే మందు ఏ దుకాణంలోనూ దొరకదన్నా. "మరి గింత చదువు చదివి ఏం జేస్తిరి మీరు?" అన్నాడు అన్న. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ డైరీ.

అక్టోబర్ 19

సరంజామా లెక్క. నల్లగొండలో నేను వారానికి మూడు రోజులు పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో ఒక గది ఇచ్చారు. నేను సెకండ్‌హ్యాండులో కొన్న పీసీఆర్ మిషన్ (జన్యువు ముక్కను రెట్టింపు మీద రెట్టింపు చేసేది) ఒకటి, జెల్ డబ్బా ఒకటి, మైనస్ 20 ఫ్రీజర్ ఒకటి. చివరి సంవత్సరం పిల్లలు ఇద్దరు. అమ్మాయి చెయ్యి నిలకడైనది, అబ్బాయి నోరు నిలకడ లేనిది. ఇద్దరూ కావాలి.

మొదటి అనుమానితుడు ట్రిస్టెజా వైరస్. పోర్చుగీసులో ఆ మాటకు దిగులు అని అర్థం. 1930లలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో నారింజ తోటలు లక్షల లెక్కన ఎండిపోతుంటే అక్కడి రైతులు పెట్టుకున్న పేరు. 1946లో అమెరికాలో ఫాసెట్, వాలెస్ అనే ఇద్దరు ఇది అంటు ద్వారా పాకుతుందని, వైరస్ పనేనని చూపించారు. అదే ఏడాది బ్రెజిల్‌లో మెనెఘీని దీన్ని పేనుబంక మోస్తుందని తేల్చాడు.

చంపే తీరు విచిత్రం. పైన తీపి నారింజ, అంటే మన బత్తాయి, కింద పుల్ల నారింజ వేరు. రెండూ కలిసిన చోట ఆహారం మోసే గొట్టాలు చస్తాయి. ఆకు వండిన అన్నం వేరుకు దిగదు. ముందు వేరు ఆకలితో పోతుంది, దాని వెనక చెట్టు. అదే బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరు మీద కడితే, వైరస్ లోపలున్నా చెట్టు దాన్ని ఓర్చుకుంటుంది.

అన్న ఇనప్పెట్టెలోంచి నర్సరీ బిల్లు తీసి చూపించాడు. "రంగపూర్ వేరు" అని రాసి ఉంది. నాకు అక్కడే బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. కంసాలికి ఏది చూసినా బంగారమే అన్నట్టు, నాకు ఎండిన ఏ చెట్టు చూసినా వైరసే.

నవంబర్ 2

ఎండాకాలం కాకుండా ఇప్పుడు మొదలుపెట్టడానికి కారణం ఉంది. మే నెలలో నల్లగొండ ఎండకు మనుషులే కాదు, చెట్టులో ఈ వైరస్ కూడా పలచబడుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే ఉన్నదాన్ని లేదనే ప్రమాదం ఎక్కువ. చలికాలపు లేత చిగురే మంచి నమూనా.

24 చెట్లు ఎంచుకున్నాం. 12 ఎండుతున్నవి, 12 నిగనిగలాడేవి. నిగనిగలాడేవి ఎందుకని అన్న ఒప్పుకోలేదు. "బాగున్నోనికి పరీక్షలేందే?" బాగున్న చెట్టును కూడా అడిగితేనే బాగాలేని చెట్టు జవాబుకు అర్థం వస్తుందని చెప్పా. తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు.

ఒక్కో చెట్టుకు నాలుగు దిక్కుల నుంచి నాలుగు లేత కొమ్మలు. ఈ వైరస్ ఆహారం మోసే గొట్టాల్లోనే కాపురం ఉంటుంది, చెట్టంతా ఒకేలా ఉండదు. ఉత్తరం కొమ్మలో ఉండి దక్షిణం కొమ్మలో దొరక్కపోవచ్చు. రేకు ముక్కల మీద మేకుతో నంబర్లు గీకి కొమ్మలకు కట్టాం. ఐస్ చేపల మార్కెట్ నుంచి తెచ్చాం. డబ్బా మూత తీస్తే ఇప్పటికీ అదే వాసన.

గట్టు మీద నలుగురు చేరారు. "కరోనప్పుడు మా ముక్కుల పుల్లలు పెట్టిన్రు, ఇప్పుడు చెట్లకు పెడుతున్రా?" అన్నాడు ఒకాయన. అబ్బాయి ఊరుకోకుండా "చెట్టుకు ముక్కు యాడుందో చెప్పండి తాతా, పెడతం" అన్నాడు. కానీ ఆ తాత మాటలో నిజముంది. పరీక్ష అదే. రెండు వైరస్‌ల జన్యు పదార్థమూ ఆర్ఎన్ఏ. కరోనాది సుమారు 30 వేల అక్షరాలు, ట్రిస్టెజాది సుమారు 19,300. మొక్కల ఆర్ఎన్ఏ వైరస్‌లలో అంత పొడుగు రాత ఉన్నవి చాలా తక్కువ. దారప్పోగులా ఉంటుంది, పొడవు మిల్లీమీటరులో ఐదువందల వంతు.

నవంబర్ 4

రెండు పనులు ఒకే రోజు.

ఒకటి, నిమ్మ మొక్కల సాక్ష్యం. వైరస్ ఉంటే కాగితపు నిమ్మ ఆకు చెప్పేస్తుంది. ఆరు చెట్ల బెరడు ముక్కలు తీసి, ఆరు నిమ్మ మొక్కల కాండంలో చిన్న గాటు పెట్టి దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టాం. మరో రెండు మొక్కలకు గాటు పెట్టి ఏమీ దూర్చకుండా చుట్టాం. వదినె పాత దోమతెర ఇచ్చింది, దాని కింద ఉంచాం. రెండు నెలలు ఆగాలి. పీసీఆర్ పుట్టకముందు అందరూ ఇలాగే ఆగేవాళ్లు.

రెండోది, అయోడిన్. గ్రీనింగ్ అనే ఇంకో రోగం ఉంది. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. సిల్లా అనే చిన్న పురుగు మోస్తుంది. రోగం పట్టిన ఆకులో పిండిపదార్థం బయటికి పోలేక పేరుకుంటుంది. ఆకు మీద సాండ్ పేపర్‌తో పదిసార్లు రుద్ది, ఆ కాగితాన్ని చెంచాడు నీళ్లలో కడిగి, అయోడిన్ చుక్కలు వేస్తే నలుపు తిరుగుతుంది. హార్డ్‌వేర్ షాపు, మందుల షాపు ఉంటే చాలు.

మూడు చెట్లకు నల్లగా వచ్చింది. 5, 9, 14. అమ్మాయి గంతేసినంత పని చేసింది. నేను కూడా లోపల గంతేశా.

నవంబర్ 9

ఆకు నూరాలంటే ద్రవ నైట్రోజన్ కావాలి. మైనస్ 196 డిగ్రీలు. నల్లగొండలో ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాదు ల్యాబుల్లో పాతికేళ్లు గోడకున్న కుళాయి తిప్పినట్టు వాడినదాన్ని, ఇక్కడ రెండు రోజులు ఫోన్లు చేశా. చివరికి అన్నే అన్నాడు, "గోపాలమిత్ర దగ్గర ఉండదా?"

నా సిగ్గు పోను. పశువులకు సూది వేసే గోపాలమిత్రల దగ్గర వీర్యం గొట్టాలు దాచే డబ్బాలో ఉండేది అదే. ఆయన మా థర్మోస్‌లోకి లీటరున్నర వంచి, పొగ చూస్తూ "మూత గట్టిగ పెట్టకుండ్రి మేడం, పేలుతది" అని నాకే జాగ్రత్త చెప్పాడు. మంచి మాట. పిల్లలకు నేను చెప్పడం మరిచిపోయిన మాట.

నవంబర్ 16

మూడు సార్లు చేసి మూడు సార్లూ పారబోశాం. బత్తాయి ఆకు పైకి కనిపించేంత మర్యాదగల ఆకు కాదు. నూరితే జిగురు. ఆ జిగురు, చుక్కలు కొలిచి పోసే పిపెట్ కొనకు తీగలా సాగుతుంది, కింద పడదు, ఆర్ఎన్ఏను పట్టుకుని వదలదు. పైగా నిమిషం ఆలస్యమైతే వంకాయ కోసి పెట్టినట్టు గోధుమరంగు. ఆ రంగు పదార్థం ట్యూబులో కొంచెం మిగిలినా ఎంజైము పని చెయ్యదు.

నాలుగోసారి తోవ మార్చాం. పూర్తి ఆకు వదిలేసి నడి ఈనె, లేత బెరడు మాత్రమే తీసుకున్నాం. వైరస్ ఉండేది అక్కడే కాబట్టి నష్టం లేదు. నూరినదాన్ని కలిపే బఫర్ ద్రావణంలో, రంగు తిరగకుండా, పీవీపీ పొడి, మెర్కాప్టోఇథనాల్. ఈ రెండోదాని వాసన కుళ్లిన గుడ్డుకు తాతలాంటిది. వరండా అంతా ఖాళీ అయింది. చివర్లో లిథియం క్లోరైడ్ కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాం. ఆర్ఎన్ఏ అడుగున కూర్చుంటుంది, జిగురు చాలావరకు పైనే ఉండిపోతుంది.

పొద్దున ట్యూబు అడుగున గాజులా మెరిసే చిన్న చుక్క. కుంకుడుగింజ మీద మెరుపంత. నాలుగో ప్రయత్నానికి వచ్చిందని రాసుకున్నా, పిల్లలకు మాత్రం మొహం మామూలుగా పెట్టా.

నవంబర్ 23

మొదటి పీసీఆర్. ఆర్ఎన్ఏను ముందు డీఎన్ఏగా తిరగరాయాలి. ఆ తిరగరాసే ఎంజైము ఉందని 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా కనుక్కొనేవరకు, ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏ రావడం జరగని పని అనే చాలామంది నమ్మకం. 1975లో నోబెల్ ఇచ్చారు. మా ట్యూబులో వాడింది ఎలుకలకు రక్త క్యాన్సర్ తెచ్చే వైరస్ తాలూకు ఎంజైము. తర్వాత రెట్టింపు చేసేదేమో అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన బ్యాక్టీరియాది. ఎలుక వైరస్, వేడి బుగ్గ బ్యాక్టీరియా కలిసి గుర్రంపోడు బత్తాయికి పరీక్ష చేస్తున్నాయని చెబితే అబ్బాయి మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు.

22వ చక్రంలో (ఒక్కో చక్రానికి ఒక రెట్టింపు) కరెంటు పోయింది. ఇన్వర్టర్ పీసీఆర్ మిషన్‌ను మొయ్యలేదు. ఆ పూట అంతే.

నవంబర్ 27

ఈరోజు గురించి కొంచెం వివరంగా రాయాలి.

జెల్ కింద నీలం లైటు వేశాం. పీసీఆర్‌లో పెరిగిన ముక్కలు జెల్‌లో పొడవును బట్టి విడిపోయి పట్టీలుగా కనిపిస్తాయి. ఎనిమిది గళ్లు. ఏడింటిలో చెట్లు, ఎనిమిదో గడిలో ఉత్త నీళ్లు. వెతుకుతున్నది వైరస్ పైతొడుగు ప్రోటీన్ జన్యువు, 672 అక్షరాల ముక్క. కొలబద్ద గీతల్లో 600కు, 700కు మధ్య కూర్చోవాలి.

"మేడం, అన్నీ పాజిటివే!" అన్నాడు అబ్బాయి, ఫోన్‌తో ఫొటో తీస్తూ. సన్నటి నారింజ పట్టీలు, ఒకే ఎత్తులో, చీర అంచులా. అమ్మాయి మాత్రం ఏమీ అనలేదు. ఆమె వేలు ఎనిమిదో గడి మీద ఉంది.

నీళ్లకు కూడా ట్రిస్టెజా ఉంది.

అంటే మిగిలిన ఏడూ నమ్మడానికి లేదు. ఫొటో తీసెయ్యమన్నా. మళ్లీ ఆలోచించి, తియ్యొద్దు, నోట్‌బుక్‌లో అతికించమన్నా. పీహెచ్‌డీ రెండో ఏట నాకు సరిగ్గా ఇదే జరిగింది. వేరుశనగ మొవ్వుకుళ్లు తెగులు మీద పని. వనపర్తి, నాగర్‌కర్నూలు చేలనుంచి ఐస్‌పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చిన ఆకులు. ఏడు వారాల జెల్‌లు, అన్నీ అందంగా, అన్నీ పాజిటివ్. నీళ్ల గడి మాత్రం నేను అసలు పెట్టనే లేదు. పెట్టమన్న రోజు అది కూడా వెలిగింది. మా గైడు తిట్టలేదు. ఏడు వారాల ఫొటోలనూ నోట్‌బుక్‌లో అతికించి, ఒక్కోదాని కింద "నీళ్ల గడి లేదు" అని నా చేత్తోనే రాయించారు. తిట్టినా బాగుండేది.

తప్పు ఎక్కడ? ఒక ముక్క 35 సార్లు రెట్టింపైతే కాగితం మీద లెక్క 3,400 కోట్లు దాటుతుంది. ట్యూబు మూత తీసినప్పుడు కంటికి కనపడని తుంపర గాలిలోకి లేచినా చాలు, రేపటి పరీక్షలో అదే పండుతుంది. ఒక్కొక్కటే మారుస్తూ వెతికాం. కొత్త నీళ్లు, మళ్లీ పట్టీ. కొత్త ప్రైమర్ (ఏ ముక్కను పెంచాలో చూపే చిన్న డీఎన్ఏ), మళ్లీ పట్టీ. చివరికి దొరికింది: జెల్‌లో పోయడానికి వాడే పిపెట్‌తోనే పీసీఆర్ కలిపాం. ఉన్నది ఒక్కటే పిపెట్ అని నేనే సరిపెట్టుకున్నా. 2020లో ఒక పరీక్షా కేంద్రంలో ఎనిమిది నెలలు కరోనా నమూనాలు చేసినప్పుడు ఇదే తప్పు చెయ్యొద్దని వేరేవాళ్లకు క్లాసులు పీకిన మనిషిని.

డిసెంబర్ 3

స్టోర్‌రూము ఖాళీ చేయించి పీసీఆర్ కలపడానికే పెట్టుకున్నాం. దానికో పిపెట్, దానికో కోటు, గుమ్మం దగ్గర దానికే వేరే చెప్పులు. పొద్దున అందులో పని, తర్వాత జెల్ గది. జెల్ గదికి పోయినవాళ్లు ఆ రోజు మళ్లీ ఇటు రాకూడదు. బల్ల అంతా బ్లీచింగ్ నీళ్లతో తుడుపు.

"ఇది మా నానమ్మ మడి కంటే ఎక్కువుంది మేడం" అంది అమ్మాయి. అప్పటినుంచి ఆ గది పేరు మడిగది. తలుపు మీద కాగితం కూడా అతికించారు.

డిసెంబర్ 8

నీళ్ల గడి నల్లగా ఉంది. నా జన్మలో చూసిన అందమైన నలుపుల్లో ఒకటి.

ఇంకో కాపలా కూడా పెట్టాం. ప్రతి చెట్టు నమూనాలోనూ బత్తాయి సొంత జన్యువు ఒకదాన్ని, నాడ్-5ను, వెతికాం. అది రాకపోతే ఆర్ఎన్ఏ తియ్యడంలోనే తప్పుందని అర్థం, వైరస్ లేదని కాదు. రెండు చెట్లకు అది రాలేదు. వాటిని మళ్లీ నూరాం.

డిసెంబర్ 12

24 చెట్లూ అయ్యాయి. రెండేసి సార్లు.

ఎండుతున్న 12 చెట్లలో ట్రిస్టెజా ఉన్నవి 7.
నిగనిగలాడే 12 చెట్లలో ట్రిస్టెజా ఉన్నవి 8.

చాలాసేపు ముగ్గురం మాట్లాడుకోలేదు. 17వ నంబరు చెట్టు, తోటలో అన్నిటికంటే బాగా కాసేది, అన్న చుట్టాలు వస్తే తీసుకెళ్లి చూపించేది, జెల్‌లో అన్నిటికంటే మందపాటి పట్టీ దానిదే. 3వ నంబరు, సగం ఎండినది, రెండు సార్లూ ఖాళీ.

అన్నకు ఫోన్లో చెప్పా. "అంటే వైరస్ ఉన్నట్టా లేనట్టా?" ఉంది, కానీ చెట్లను ఎండబెడుతున్నది అది కాదు అన్నా. "ఇంట్ల దొంగ ఉన్నడు, సొమ్ము పోయింది, కానీ తీసింది వాడు కాదంటవు" అన్నాడు. ఇన్నేళ్లలో కాన్ఫరెన్సుల్లో ఇంత బాగా చెప్పినవాళ్లను నేను వినలేదు.

గ్రీనింగ్ సంగతి కూడా తేలింది. అయోడిన్‌కు నల్లబడిన మూడింటిలో 5, 9 చెట్లకు పీసీఆర్‌లో 1160 అక్షరాల పట్టీ వచ్చింది. 14కు రాలేదు. మూడుసార్లు చేసినా రాలేదు.

డిసెంబర్ 13

14వ చెట్టు చూడ్డానికి పొద్దున్నే వెళ్లా. మేం ఆకులు కోసిన కొమ్మను కిందినుంచి పైకి తడిమా. ఆకుల చాటున, జానెడు పైన, బైండింగ్ వైరు. ఎప్పుడో కాయ బరువుకు కొమ్మ విరుగుతుందని గుంజకు కట్టి, గుంజ తీసేసి, వైరు మరిచిపోయారు. కొమ్మ లావెక్కింది, వైరు బెరడులోకి దిగిపోయింది, దానికి పైన బెరడు ఉంగరంలా ఉబ్బింది. పిండిపదార్థం కిందికి పోయే దారి అక్కడే బంద్. ఆకులో పేరుకుంది. అయోడిన్ అబద్ధం చెప్పలేదు, మేం అడిగిన ప్రశ్నే వేరు.

కటింగ్ ప్లేయర్‌తో వైరు తీసేశా. అదొక్కటే ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నేను నయం చేసిన రోగం.

డిసెంబర్ 15

నిద్ర పట్టక పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలు మాడిపోయాయి. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. చూడ్డానికి అచ్చం మొవ్వుకుళ్లు. నేను అప్పటికి పీహెచ్‌డీ చేసి అదే వైరస్ మీద చిన్న ఉద్యోగంలో ఉన్నా. నాకు వచ్చిన ఆకులకు ఎలైసా (వైరస్‌ను యాంటీబాడీతో పట్టే పరీక్ష) పెట్టా. ప్లేటులో ఒక్క గుంట కూడా పసుపు తిరగలేదు. ప్లేటు పాడైందనుకున్నా. మళ్లీ కొత్త ప్లేటు పెట్టా. మళ్లీ తెల్లగానే ఉంటే యాంటీబాడీ పాతదనుకున్నా. నాకు తెలిసిన వైరస్ కాదేమో అన్న మాట మాత్రం తట్టలేదు.

తర్వాత పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే అది టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్. గట్ల మీద విరగబూసే వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. పుప్పొడి గాలికి ఎగిరి వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాటులోంచి లోపలికి పోతుంది. అందరం ఆకునూ పురుగునూ చూస్తున్నాం, దాక్కున్నది గట్టు మీది కలుపు మొక్కలో.

ఈసారి గట్టు చూడాలి. గట్టంటే, నేను ఇప్పటిదాకా చూడనిది. అంటే వేరు.

డిసెంబర్ 21

పార, గడ్డపార, ఇద్దరు పిల్లలు, అన్న. 3వ చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టాం.

మొదట దొరకాల్సింది అంటు కట్టిన చోటు. అది నేలకు జానెడు పైన కనపడాలి. ఇక్కడ మట్టిలో ఆరంగుళాల లోతున ఉంది. పదేళ్లుగా పాదులు ఎగదోసీ ఎగదోసీ పూడ్చేశారు. తడి మట్టికి తగులుతున్న చోట బెరడు మెత్తగా ఉంది, గోటితో గీస్తే ఊడొచ్చింది.

తర్వాత పక్కవేర్లు. మూడు చోట్ల కత్తితో నరికినట్టు కొనలు తెగి ఉన్నాయి. "రోటావేటరు" అన్నాడు అన్న మెల్లగా. మూడేళ్ల కింద కొన్నాడు. కలుపు కూలీలు దొరకడం లేదని చెట్టు మొదలుదాకా తిప్పుతున్నాడు. తెగిన వేరును చీలిస్తే లోపల కర్ర తెల్లగా ఉండాలి, బూడిద రంగులో ఉంది, పైబెరడు పీచులు పీచులుగా చీలుతోంది. పుల్లటి కుళ్లు వాసన.

ఎండుతున్న చెట్లను కాగితం మీద గుర్తు పెడితే ఎక్కువ భాగం తోట కింది వైపే. డ్రిప్పు పైపులు రెండేళ్ల కింద ఎలకలు కొరికాక అన్న మళ్లీ పారకం పెట్టాడు. 24 గంటల కరెంటు ఉంది కాబట్టి మోటారు వేసి మరిచిపోయిన రాత్రులు కూడా ఉన్నాయట. నీళ్లన్నీ పల్లానికి చేరి మొదళ్ల చుట్టూ నిలబడతాయి.

"గీ మాట చెప్పనీకి పీసీఆర్ అవసరమా?" అన్నాడు అన్న. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. పార చాలేది అన్నా.

డిసెంబర్ 30

మా వంటింటి ఆలుగడ్డలతో బూజు పెరగడానికి మీడియం వండి, వేరు ముక్కలు పెట్టాం. ఐదో రోజుకు తెల్లటి బూజు. మైక్రోస్కోపులో కొడవలి ఆకారపు బీజాలు. ఫ్యుజేరియం. ఎండు వేరుకుళ్లు తెగులుకు మనవైపు ముందు అనుమానించాల్సిన శిలీంధ్రం ఇదే.

ఇక్కడ కూడా ఒక సంగతి రాసిపెట్టుకోవాలి. ఫ్యుజేరియం లేని మట్టి ఊళ్లో లేదు. 17వ చెట్టు వేరు దగ్గర మట్టిలోనూ ఉంటుంది. వేరు తెగి, నీళ్లలో నాని, ఊపిరాడనప్పుడు లోపలికి పోయింది. నవంబరులో వైరస్ విషయంలో చేసిన పొరపాటు ఇప్పుడు బూజు విషయంలో చెయ్యను.

అన్నకు చెప్పినవి: అంటు కనపడేదాకా మట్టి తీసెయ్. చెట్టు మొదలు చుట్టూ ఒక కట్ట, దాని బయట ఇంకో కట్ట, నీళ్లు ఆ రెండింటి మధ్యే, మొదలుకు చుక్క తగలొద్దు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు కలిపి మొదలుకు పూత. పశువుల ఎరువు, వేపపిండిలో ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) కలిపి తడి చల్లి, గోనెపట్టా కప్పి రెండు వారాలు పెంచి వెయ్. రోటావేటరు కొమ్మల నీడ దాటి లోపలికి రావొద్దు. 5, 9 చెట్లు తీసెయ్. చివరి మాటకు మొహం ముడుచుకున్నాడు. మిగతావి రాసుకున్నాడు.

జనవరి 17

దోమతెర కింది నిమ్మ మొక్కలు మాట్లాడాయి. లేత ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుంటే, ఈనెల వెంట అక్కడక్కడా సన్నటి వెలుగు గీతలు, సూదితో పొడిచి దీపం ముందు పెట్టిన కాగితంలా. ఆరింటిలో నాలుగు మొక్కలకు. పీసీఆర్ పాజిటివ్ అన్న చెట్లు కూడా ఆ నాలుగే. ఏమీ దూర్చని రెండూ శుభ్రంగా ఉన్నాయి.

హైదరాబాదుకు పంపిన 17వ చెట్టు ముక్క అక్షరాలు కూడా వచ్చాయి. ట్రిస్టెజానే. మెతక రకమా, మొండి రకమా అన్నది ఈ ఒక్క జన్యువు చూసి చెప్పలేను.

ఫిబ్రవరి 9

పూత, చిగురు కలిసి వచ్చాయి. తోటంతా వాసన. పైవైపు ఎండుతున్న చెట్లలో మూడు కొత్త చిగురు వేశాయి. కింది వైపు రెండు పూర్తిగా పోయాయి.

పోయిన చెట్ల స్థానంలో కొత్త మొక్కలు కావాలి. అన్న 17వ చెట్టు చూపించి "గీ చెట్టు కన్నులే తీసి కట్టిస్తా. నాకు దీని లెక్క కాసేది కావాలె" అన్నాడు. ఆ కన్నుతో, అంటే అంటు మొగ్గతో, పాటు వైరస్ కూడా వస్తుందన్నా. "వచ్చినా ఏం చేస్తలేదని నువ్వే అంటివి గదా?"

అన్నాను. చెట్టును చూస్తూ నిలబడ్డా. లేత చిగురు కింద నల్లగా, గుంపుగా పేనుబంక. కొన్నింటికి రెక్కలొచ్చాయి. గాలి ఎటు వీస్తోందో చూశా. గట్టు అవతల చిన్నాయిన నిమ్మతోట. రెండెకరాలు. నకిరేకల్ మార్కెట్‌కు సంచులు పంపేది అక్కడినుంచే.

బత్తాయి వేరు మార్చుకుని తప్పించుకుంది. నిమ్మకు ఆ సౌకర్యం లేదు. ఏ వేరు మీదున్నా ఈ వైరస్ దాన్ని వదలదు, బెరడు కింద కర్రలో గుంటలు పెడుతుంది. ఇది నేను ఎమ్మెస్సీ పిల్లలకు చెప్పిన పాఠమే. నాలుగు నెలలుగా మా అన్న తోటలో ఈ గట్టుదాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నా. పైగా వదినె దోమతెర కింద ఆ పాఠాన్నే నా చేత్తో నేను కట్టి పెట్టుకున్నా.

గట్టు దాటా. చిన్నాయిన మంచె కింద కూర్చుని ఉన్నాడు. "దా బిడ్డా. మీ అన్నకే చూస్తవా, మాకు చూడవా? రెండేండ్ల సంది కాయ సన్నబడ్డది. మందు కొడుతున్న, ఎరువేస్తున్న."

చిటికెన వేలంత కొమ్మ ఒకటి కోసి, బెరడు చీల్చి తీశా. తడిగా, తెల్లగా ఉంది కర్ర. వెలుతురులో ఏమీ కనిపించలేదు. కళ్లు మూసుకుని బొటనవేలి గోరు కర్ర మీద పై నుంచి కిందికి జార్చా. చిన్న చిన్న గుంటలకు గోరు తట్టుకుంటూ దిగింది, దువ్వెన పళ్ల మీద గీసినట్టు. బెరడు లోపలివైపు తిప్పి చూస్తే ఆ గుంటలకు సరిపోయే సన్నటి మొనలు.

చిన్నాయిన వేలు పట్టుకుని నేనే ఆ కర్ర మీద రాయించా. రెండుసార్లు రాశాడు. "గిదేంది?"

అమ్మాయికి ఫోన్ చేసి ఐస్‌డబ్బా తెమ్మన్నా. రేకు ముక్కలు 24 దాకానే గీకాం. 25 నుంచి గీకమని అబ్బాయికి చెప్పా.